మంచు పడే వేళ వాలే ఆ 'డేగ' ఏ పిట్ట? హార్డీ పద్యం అనువాదంలో ఒక్క పేరు దగ్గర ఆగిపోయాను

పెన్నఒడ్డు | శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా ఊళ్లో నెలకోసారి కలిసి చదువుకునే గుంపు ఒకటుంది. వాళ్ల కోసం ఇంగ్లీషు కవి థామస్ హార్డీ పద్యం 'ఆఫ్టర్‌వర్డ్స్'ని తెలుగులోకి తెస్తున్నాను. 1917లో వచ్చిన ఆయన సంపుటిలోది. తాను పోయాక ఇరుగుపొరుగు తన గురించి ఏమనుకుంటారో అని ఊహించుకుంటూ రాసిన పద్యం. "ఇలాంటివన్నీ గమనించే మనిషి అతను" అంటారేమో అని మొదటి చరణం ముగుస్తుంది. అక్కడిదాకా బాగానే వచ్చింది.

రెండో చరణంలో ఇరుక్కుపోయాను. సందెచీకట్లో, కనురెప్ప వాలినంత నిశ్శబ్దంగా, నీడలు దాటుకుంటూ ఒక పక్షి వచ్చి గాలికి వంగిపోయిన ముళ్లచెట్టు మీద వాలుతుంది. ఆ పక్షి పేరు 'డ్యూఫాల్ హాక్'. మాటకి మాట పెడితే 'మంచు పడే డేగ'. నిఘంటువుల్లో దొరకలేదు. కింద చిన్న అక్షరాల్లో 'నైట్‌జార్' అని వివరణ ఉంది. ఒక స్నేహితురాలు 'నిశాశ్యేనం' (సంస్కృతంలో రాత్రి డేగ) అని పెట్టమంది. పెట్టి చదివాను, చరణం మొత్తం బిగుసుకుపోయింది.

అసలు ఇది డేగేనా? తెలుగులో దీనికి జనం పిలిచే పేరుందా? రెండు వారాలుగా ఇదే టెన్షన్.

రాత్రిపాట | శుక్రవారం, రాత్రి 9:50

పెన్నఒడ్డు గారూ, డేగ కానే కాదండీ. గోళ్లలో బలం లేదు, వంకర ముక్కు లేదు, వేటాడేది పురుగుల్ని. నైట్‌జార్ అంటే మీరూ చూసే ఉంటారు, పేరు తెలియకపోయి ఉంటుంది. రాత్రిపూట ఊరి బయట మట్టిరోడ్డు మీద బండి మీద వస్తుంటే లైటు వెలుగులో నేల మీద ఎర్రగా రెండు నిప్పుకణికలు కనపడతాయి. దగ్గరికొచ్చేదాకా కదలదు. చక్రం కింద పడిందేమో అనుకునేలోపు చప్పుడు లేకుండా లేచి పక్కకి తప్పుకుంటుంది. ఆ కణికలు దాని కళ్లు.

అనంతపురం వైపు నేను ఎక్కువగా వినేది ఇండియన్ నైట్‌జార్. గచ్చు మీద గాజు గోలీ వదిలితే టక్... టక్.. టక్, టక్‌టక్‌టక్ర్ర్ అని దగ్గర దగ్గరగా పడుతుంది చూడండి, అచ్చం అదే పాట.

హార్డీ ఉపమానం ఎంత సరైనదో చెప్పాలి. దీని ఈకలు మెత్తగా ఉంటాయి కాబట్టి రెక్క ఆడించినా చప్పుడు రాదు. పగలు ఎండుటాకుల్లో కూర్చుని కళ్లు సన్నటి గీతల్లా మూసుకుంటుంది, ఆ పెద్ద కళ్లు బయటపడితే దొరికిపోతుందని. కనురెప్ప, నిశ్శబ్దం రెండూ ఆ పిట్టలోనే ఉన్నాయి. చూసి రాసిన మాట అది.

డాలస్‌శీను | శుక్రవారం, రాత్రి 10:31

మా టెక్సస్‌లో 'నైట్‌హాక్' అనే పిట్ట ఉంది. అదీ ఇదీ ఒకటేనా? వేసవిలో హైస్కూల్ స్టేడియం లైట్ల చుట్టూ డజన్లకొద్దీ తిరుగుతాయి. మా అబ్బాయి ఆట చూడ్డానికి వెళ్లి నేను తల పైకెత్తి కూర్చుంటాను.

రాత్రిపాట | శుక్రవారం, రాత్రి 10:44

చుట్టాలు శీను గారూ, ఒకటి కాదు. ఒకే కుటుంబం. మీది కామన్ నైట్‌హాక్, అమెరికాలో పిల్లలు పెట్టి చలికాలానికి దక్షిణ అమెరికా వెళ్తుంది. హార్డీది యూరప్ నైట్‌జార్, వేసవికి ఇంగ్లండ్ వచ్చి చలికాలం ఆఫ్రికాకి పోతుంది. చిక్కెక్కడంటే, పాత ఇంగ్లీషులో వాళ్ల ఊరి నైట్‌జార్‌నీ 'నైట్ హాక్' అనేవారు. పాత పుస్తకాల్లో ఆ మాట కనపడితే అది ఏ దేశం పుస్తకమో ముందు చూసుకోవాలి.

ఇంగ్లీషుమాస్టారు | శనివారం, ఉదయం 6:05

పెన్నఒడ్డూ, మంచి ప్రశ్న తెచ్చావమ్మా. ఈ పిట్టకి ఇంగ్లండ్ పల్లెల్లో ఉన్నన్ని పేర్లు బహుశా ఇంకే పిట్టకీ ఉండవు. ఫెర్న్ ఔల్, చర్న్ ఔల్, ఈవ్‌జార్, డార్ హాక్, వీల్ బర్డ్, గోట్‌సక్కర్, పకరిడ్జ్. ఒకటి ఉండే చోటు చెప్తుంది, ఒకటి వచ్చే వేళ, ఒకటి గొంతు. చివరి రెండూ మాత్రం నిందలు. వాటి సంగతి తర్వాత చెప్తాను.

కవులు ఈ పేర్లని ఎలా వాడుకున్నారో చూడు. జార్జ్ మెరెడిత్ 'లవ్ ఇన్ ది వ్యాలీ'లో 'ఈవ్‌జార్' తెచ్చాడు. ఫర్ చెట్టు కొమ్మ మీద ఒంటరిగా కూర్చుని ఒకే వరసలో గరగరలాడుతూ 'వడుకుతుంది' అంటాడు. వడకడం అన్న క్రియ ఊరికే రాలేదు. జనం దీన్ని వీల్ బర్డ్ అన్నది రాట్నం చప్పుడులా ఉంటుందనే. మన అమ్మమ్మల కాలంలో రాట్నం లేని ఇల్లు తక్కువ. ఆ చప్పుడు విన్నవాళ్లకి ఈ పిట్ట వేరే చెప్పక్కర్లేదు.

ఇక వర్డ్స్‌వర్త్. 1819లో అచ్చయిన 'ది వాగనర్' ఒక జూన్ నెల సాయంత్రంతో మొదలవుతుంది. ఎండ మాడ్చిన పగలు అయిపోయి, చీకటి మెల్లగా కమ్ముకుంటూ ఉంటే, 'డార్ హాక్' ఒక్కటే గిరగిరా తిరుగుతూ ఉంటుంది. డార్ అంటే సందెవేళ ఝుమ్మని ఎగిరే పేడపురుగు. అచ్చులో ఇలా ఉంది కానీ మొదట రాసింది ఇది కాదు. "నైట్ హాక్ కప్పలాంటి పాట పాడుతోంది, కావలివాడి గిలక తిప్పుతోంది" అని రాశాడు. అప్పట్లో రాత్రి గస్తీవాళ్లు చేతిలో చెక్క గిలక పట్టుకుని గరగరా తిప్పేవాళ్లు. పద్యం మొదట్లోనే అంత తెగువ మాట పడితే చదివేవాళ్లు ఉలిక్కిపడతారని మార్చానని ఆయనే తర్వాత ఒక వివరణలో రాసుకున్నాడు. నా మట్టుకు ఆ తీసేసిన రెండు పాదాలే ఇష్టం. క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో. ఒక కవి తన చెవి విన్నది సరిగ్గా రాసి, మర్యాద కోసం వెనక్కి తీసుకున్న చోటు అది. నువ్వు 'నిశాశ్యేనం' దగ్గర ఇబ్బంది పడ్డావంటే నీ చెవి సరిగ్గానే ఉంది.

గోదారిగట్టు | శనివారం, ఉదయం 8:20

తెలుగు పేరు అడిగారు కదా. మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ ఉంది, మేం ఎప్పుడూ ఆలోచించలేదు అంతే. తెలుగు బైబిల్లో లేవీయకాండం 11వ అధ్యాయం తీయండి. తినకూడని పక్షుల పేర్ల వరసలో "నిప్పుకోడి, కపిరిగాడు, కోకిల" అని వస్తుంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో అదే చోట ఉన్న మాట 'నైట్ హాక్'.

మా నాయనమ్మ ఆ అధ్యాయం పైకి చదువుతుంటే మేం పిల్లలం ఈ పేరు దగ్గర ఆగి "కపిరిగాడు ఎవరు నాయనమ్మా?" అనేవాళ్లం. "రాత్రుళ్లు గట్టు మీద కూర్చుని కొట్టుకుంటాడే, వాడురా" అనేది. ఎవరో మనిషని భయపడి దుప్పటి ముసుగు పెట్టుకునేవాణ్ణి. అది పిట్ట అని నాకు పదేళ్లు వచ్చాకే తెలిసింది.

పెన్నఒడ్డు | శనివారం, ఉదయం 8:41

గోదారిగట్టు గారూ, ఎంత మంచి మాట ఇచ్చారండీ! కపిరిగాడు. అనువదించినవాళ్లు హీబ్రూ మాటకి ఏ సంస్కృత పదమో అల్లకుండా జనం నోట్లో ఉన్న పేరు పెట్టారన్నమాట. కానీ 'గాడు'... చావు గురించిన పద్యంలో ఆ చివరి అక్షరాలు ఎలా వినపడతాయో అని కాస్త భయంగా ఉంది.

కలివికంప | శనివారం, ఉదయం 11:15

'గాడు' అంటే చిన్నచూపు అనుకోకండి. ఏట్రింత పిట్టకి ఇంకో పేరు పసులపోలిగాడు. పశువుల వెంట తిరుగుతుంది, గేదె వీపు మీదెక్కి కూర్చుంటుంది, గడ్డిలోంచి లేచిన పురుగుల్ని పట్టుకుంటుంది. పసులకాపరికి అది తోటివాడు. తోటివాణ్ణి 'గాడు' అనే పిలుస్తాం.

మాది కడప జిల్లా. జనం పెట్టిన పేరుకి ఎంత విలువుందో మా జిల్లావాళ్లకి బాగా తెలుసు. జెర్డాన్స్ కోర్సర్ అని ఇంగ్లీషులో పిలిచే పక్షి, అదీ రాత్రిపూట తిరిగేదే, ఇక లేదని లోకమంతా అనుకుంది. 1986 జనవరిలో మా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. దొరికింది పుస్తకంలో ఉన్న పేరుతో కాదు. బొమ్మ చూపించి అడిగితే, ఇది కలివికోడి కదా అన్నది ఇక్కడి మనుషులే. కలివి పొదల్లో ఉంటుంది కాబట్టి కలివికోడి. రాత్రి బ్యాటరీ లైటు వేసి పట్టి తెచ్చి చూపించిందీ ఇక్కడి మనిషే. ఇప్పుడు లంకమల అభయారణ్యం ఉందంటే దానికోసమే.

ఇంకో సంగతి. ఆ కోర్సర్‌కి పేరిచ్చిన జెర్డాన్ దొర పేరు మీదే ఒక నైట్‌జార్ కూడా ఉంది. ఆయన సైన్యంలో డాక్టరు, నెల్లూరులోనూ పనిచేశాడు. పెన్నఒడ్డు గారి ఊరు కాబట్టి చెప్తున్నా.

మేకలమంద | శనివారం, మధ్యాహ్నం 2:03

మాస్టారూ, ఒకటి అడుగుత. గోట్‌సక్కర్ అన్నరు. మేక పాలు తాగేదనా? పిట్ట మేక పాలు తాగుడేంది? మాది పాలమూరు, తాతల కాలం నుంచి గొర్లు, మేకలు. నేను చదువుకుని ఉద్యోగానికొచ్చిన గానీ ఎండకాలం సెలవులన్నీ మందతోనే గడిచినయి. అసొంటి మాట ఎన్నడు వినలే.

ఇంగ్లీషుమాస్టారు | శనివారం, సాయంత్రం 5:30

అదే ఆ నింద నాయనా. ఇప్పటిది కాదు, అరిస్టాటిల్ రాసిన జంతుశాస్త్రంలోనే ఉంది. ఈ పిట్ట మేకల మీదికి వచ్చి పాలు తాగుతుందనీ, అది తాగిన పొదుగు ఎండిపోతుందనీ, మేకకి గుడ్డితనం వస్తుందనీ. రోమన్ ప్లినీ దాన్నే మళ్లీ చెప్పాడు. లాటిన్‌లో 'కాప్రిముల్గుస్' అంటే మేకని పిండేది. 1758లో లిన్నేయస్ ఆ పేరే శాస్త్రనామంగా ఖాయం చేశాడు. జర్మన్, ఇటాలియన్, స్పానిష్ భాషల్లోనూ దీని పేరు మేకపాల దొంగే.

పకరిడ్జ్ ఇంకో నింద. గిల్బర్ట్ వైట్ అని హాంప్‌షైర్‌లో సెల్బోర్న్ అనే పల్లెలో ఉన్న పాదిరి, 1789లో తన ఊరి ప్రకృతి గురించి ఉత్తరాల రూపంలో పుస్తకం వేశాడు. ఊళ్లో దూడలకి వీపు మీద గడ్డలు లేచి చచ్చిపోయే జబ్బు వచ్చేది. దాని పేరు పకరిడ్జ్. ఈ పిట్ట తన్నడం వల్లే వస్తుందని రైతులు నమ్మి, పిట్టకీ అదే పేరు పెట్టారు. వైట్ ఒప్పుకోలేదు. చర్మం కింద గుడ్లు పెట్టే ఈగ పురుగుల వల్ల ఆ గడ్డలు వస్తాయని రాశాడు. ఏ పాపం ఎరగని పిట్ట అని దాని తరఫున మాట్లాడాడు.

ఆయన చెప్పిన ఒక సంగతి నేనెప్పుడూ మర్చిపోను. కొండవాలు మీద గడ్డి కప్పిన చిన్న కుటీరంలో ఇరుగుపొరుగుతో కూర్చుని టీ తాగుతున్నారట. ఆ కుటీరం పైనున్న శిలువ మీద ఈ పిట్ట వాలి పాట మొదలెట్టింది. చాలా నిమిషాలు ఆపలేదు. అంత చిన్న పిట్ట గొంతుకి కుటీరం మొత్తం సన్నగా వణికిందట! లోపల కూర్చున్నవాళ్లకి ఆ వణుకు తెలిసిందట.

మేకలమంద | శనివారం, రాత్రి 8:17

చదివి మనసు కలుక్కుమన్నది మాస్టారూ. ఆ పిట్ట మంద దగ్గరకి ఎందుకొస్తదో ఒక్క రాత్రి మందలో పడుకున్నోనికి తెలుస్తది. గొర్లు, మేకలు దొడ్లె కూసుంటే కాళ్ల కింది గడ్డి కదిలి, పెంట వాసనకి, ఒంటి వేడికి దోమలు, పురుగులు గుంపులు గుంపులుగ లేస్తయి. పిట్ట నోరు ఇంత వెడల్పు తెరుచుకుని వాటిమధ్యన తిరుగుతది. మేకల పొట్టల కిందికెల్లి కూడ పోతది. దూరం నుంచి చీకట్ల చూసినోనికి పొదుగు దగ్గరికే పోయినట్టు కనిపిస్తది. పొద్దున పాలు తక్కువైతే దానిమీద పెట్టిండ్రు. దోమలు తిని మందకి మేలు చేసినదానికి దొంగ పేరు.

నేను ఏడో తరగతిల ఉన్నప్పుడు బీడు మీద నడుస్తుంటే కాలి పక్కనే ఒకటి లేచింది. రెక్క విరిగినట్టు కుంటుకుంటూ నేల మీద పడుతూ లేస్తూ పోయింది. దాని వెంట పోబోతుంటే మా చిన్నాయిన చెయ్యి పట్టి ఆపిండు. "ఆడికి పోకు, కింద సూడు" అన్నడు. నా చెప్పుకి జానెడు దూరంల రెండు గుడ్లు. గూడు లేదు, పుల్ల లేదు, ఉత్త నేల. లేత గులాబి మీద గోధుమ రంగు మరకలు, గులకరాళ్లలో కలిసిపోయినయి. మంద మొత్తం ఆ జాగ చుట్టు తిప్పి తోలిండు ఆ రోజు.

డాలస్‌శీను | శనివారం, రాత్రి 9:40 (ఇక్కడ ఉదయం)

మేకలమంద అన్నా, ఇది చదివి కాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

ఇక్కడి పేరు నేనూ చెప్తాను. మా వీధిలో ఎనభై ఏళ్ల పెద్దాయన ఉన్నారు, ఈ దక్షిణ రాష్ట్రాల్లోనే పుట్టి పెరిగినాయన. నైట్‌హాక్ అంటే ఆయనకి పట్టదు. 'బుల్‌బ్యాట్' అంటారు. గబ్బిలంలా సందెవేళ వంకరటింకరగా ఎగురుతుంది కాబట్టి బ్యాట్. బుల్ ఎందుకంటే, మగపిట్ట ఆకాశంలోంచి నిట్టనిలువునా కిందికి దూకి, నేల దగ్గరికొచ్చి ఒక్కసారి పైకి తిరుగుతుంది. ఆ తిరిగే క్షణంలో రెక్కల ఈకల్లోంచి గాలి దూసుకుపోయి 'భూఁ' అని ఎద్దు రంకె వేసినట్టు మోగుతుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే వచ్చే చప్పుడు ఊహించుకోండి, దానికి పదింతలు. గొంతు కాదు, రెక్క! సాయంత్రం పొద్దుగూకే వేళని ఇక్కడి పాతవాళ్లు 'బుల్‌బ్యాట్ టైమ్' అని కూడా అనేవాళ్లట.

ఆయన ఇంకోటి చెప్పారు. చిన్నప్పుడు కంకర పరిచిన మేడల మీద ఇవి గుడ్లు పెట్టేవట. ఇప్పుడు కప్పుల మీద రబ్బరు షీట్లు వేస్తున్నారు, కంకర లేదు, గుడ్డు నిలవదు. అందుకే పట్నాల్లో తగ్గిపోయాయంటారు.

పక్షుల చిత్రకారుడు ఆడుబాన్ రాసినదాంట్లో చూశాను, లూసియానాలో ఫ్రెంచి మాట్లాడేవాళ్లు దీన్ని 'ఎగిరే కప్ప' అనేవారట. వర్డ్స్‌వర్త్ కప్ప పాట అన్నాడని మాస్టారు చెప్పగానే గుర్తొచ్చింది.

ఇంగ్లీషుమాస్టారు | ఆదివారం, ఉదయం 6:20

శీనూ, నువ్వు చెప్పిన ఆ దూకుడు చప్పుడు అమెరికా రచయిత థోరో పుస్తకం 'వాల్డెన్'లో ఉంది, 1854. చిక్కుడు చేలో కలుపు తీస్తూ తల పైకెత్తితే నైట్ హాక్ ఆకాశం కంట్లో నలుసులా తిరుగుతుంటుంది. ఉన్నట్టుండి కిందికి పడుతుంది. ఆకాశం పర్రున చిరిగి పీలికలైపోయినట్టు చప్పుడు. చూస్తే పైన ఆకాశానికి ఒక్క చిరుగు కూడా లేదు, కుట్టు కూడా లేని గుడ్డలా అలాగే ఉంది అంటాడు. బుల్‌బ్యాట్ అన్న పల్లెజనమూ, చిరిగిన గుడ్డ అన్న థోరో కూడా విన్నది ఆ ఒక్క చప్పుడునే. ఒకరికి దొడ్లో ఎద్దు గుర్తొచ్చింది, ఒకరికి బట్ట.

గోదారిగట్టు | ఆదివారం, ఉదయం 9:02

చిన్న సందేహం. హోటల్లో రాత్రిపూట నలుగురు ఉన్న బొమ్మ ఒకటుంది కదా, 'నైట్‌హాక్స్' అని. దానికీ ఈ పిట్టకీ సంబంధం ఉందా?

ఇంగ్లీషుమాస్టారు | ఆదివారం, ఉదయం 9:25

ఎడ్వర్డ్ హాపర్ 1942లో వేసిన బొమ్మ అది, షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. రాత్రంతా మేలుకుని తిరిగే మనుషులని అక్కడి అర్థం. మన పద్యానికి అక్కర్లేదు.

పెన్నఒడ్డు | ఆదివారం, రాత్రి 10:15

రెండు రోజులుగా మీరు రాసినవన్నీ మళ్లీ మళ్లీ చదివాను. నిన్న రాత్రి మా నాన్నని తీసుకుని పెన్న అవతల మెట్ట వైపు వెళ్లాను. రాత్రిపాట గారు చెప్పిన గోలీ చప్పుడు వినాలని. ఏడుంపావుకి మొదలైంది. నాన్న వెంటనే "ఇదా! ఇది నాకెందుకు తెలీదు" అన్నారు. పేరు మాత్రం ఆయనకి గుర్తు రాలేదు. ఊరు వదిలి నలభై ఏళ్లయింది.

ఇక పేరు సంగతి. మూడు రకాలుగా రాసి చూశాను. 'కపిరిగాడు' పెడితే పిట్ట కళ్లముందు వాలుతోంది, నిజం. కానీ హార్డీ మాటలో మంచు ఉంది, వేళ ఉంది. ఆ వేళే ఆ చరణానికి ప్రాణం. 'మంచుడేగ' అంటే హిమాలయాల్లో డేగ అనుకుంటారు, మనకి రెండు రకాల మంచుకీ ఒకటే మాట కాబట్టి. 'డేగ' తీసేద్దామా అంటే మనసొప్పలేదు. అది డేగ కాదని అక్కడి పల్లెజనానికీ తెలిసే ఉంటుంది, అయినా నైట్ హాక్, డార్ హాక్ అనే పిలిచారు. ఆ పొరపాటుని నేనెందుకు దిద్దాలి? చివరికి 'మునిమాపు డేగ' దగ్గర ఆగాను. చూడండి:

కనురెప్ప వాలినంత చప్పుడైనా లేక,
మంచు దిగుతున్న మసకలో
నీడలు దాటుకుంటూ మునిమాపు డేగ వచ్చి
గాలికి వంగిన మెట్ట ముళ్లచెట్టు మీద వాలితే,
చూసినవాళ్లెవరైనా అనుకోవచ్చు,
"ఇది అతను బాగా ఎరిగినదే అయ్యుంటుంది" అని.

రాత్రిపాట | ఆదివారం, రాత్రి 10:32

'దిగుతున్న' చాలా బాగుంది. 'పడుతున్న' అనలేదు చూడండి, పిట్ట వాలడమూ మంచు దిగడమూ ఒకటే కదలికలా వచ్చాయి.

మేకలమంద | ఆదివారం, రాత్రి 10:50

మునిమాపు మంచి మాట, మా నాయినమ్మ అంటుండె. గానీ ఒక కోరిక. పద్యంల అట్లనే ఉండనీయండి, కింద ఒక్క లైను రాయండి, ఈ పిట్టని మన దిక్కు కపిరిగాడు అంటరని. మీ గుంపుల ఒక్కరన్న ఇంటికి పోయి పెద్దోళ్లని అడుగుతరు.

కలివికంప | ఆదివారం, రాత్రి 11:04

నేనూ అదే అడగబోయాను. 'గాడు' ఎందుకొచ్చిందో కూడా రాయండి.

పెన్నఒడ్డు | సోమవారం, ఉదయం 7:10

రాశాను. పొద్దున్నే నాన్నకి చదివి వినిపించాను. కపిరిగాడు అనగానే "ఆఁ, కపిరిగాడు" అని తనూ ఒకసారి అనుకుని, పేపరు పక్కన పెట్టి, మా తాత పొలంలో బావి గట్టు ఎక్కడుండేదో చెప్పడం మొదలుపెట్టారు.